పొట్టి తాడు

గౌతమి మీద పంటు నడిమధ్యలో ఉండగా
జైలరు సూర్యచక్రం గారు మళ్ళీ ఫోను చేశారు:
"వస్తున్నారు కదండీ?
మావాళ్ళు పేనిన తాడు ఓసారి చూద్దురుగాని."
తాడు చూడ్డానికే వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను.
మనుషుల మాట ఎత్తలేదు.

పెద్ద తలుపులో చిన్న తలుపు.
వంగితేగాని లోపలికి పోలేం.
ఫోను, గొడుగు, సంచిలో అరటిపళ్ళు
అన్నీ బల్ల మీద పెట్టించి
ముంజేతి మీద ఊదారంగు ముద్ర వేశారు.
"చెరిగిపోకుండా చూసుకోండమ్మా,
బయటికి పంపేది దీన్ని చూసే."
ఒకటే ఉక్కపోత.
చెమట పట్టినప్పుడల్లా చెయ్యి గాల్లోకి ఎత్తి పట్టుకున్నాను.

రొట్టెల బట్టీ చూపించారు. కుట్టు మిషన్లు,
పొట్లపాదు, అక్షరాల బడి.
ఒక గదిలో నల్లబల్ల మీద
సుద్దతో చిన్న చిన్న గళ్ళు నింపుతున్నాడో కుర్ర మాస్టారు.
ముగ్గనుకున్నాను.
టీకొట్టులో డబ్బులు కట్టే కోడంట.
వచ్చే నెలా ఆపై నెలా బయటపడేవాళ్ళు తొమ్మిదిమంది
అట్టముక్కల్ని ఫోనుల్లా పట్టుకుని
వరసలో వచ్చి దానికి చూపిస్తున్నారు.
"పది రూపాయలు కొట్టానండి," అన్నాడో ముసలాయన.
"చేరాయి," అన్నాడు మాస్టారు.
ఎవరూ నవ్వలేదు.
ఆయన లోపలికొచ్చిన ఏడు
టీ రెండు రూపాయలంట.

చివర్న రేకుల షెడ్డు.
నానిన డొక్కల వాసన, మా అంబాజీపేట వాసన,
నాకంటే ముందే పంటెక్కి వచ్చి కూచున్నట్టు.
రాట్నం దగ్గర ఒకడు,
పీచు అందిస్తూ వెనక్కి నడిచేవాడొకడు.
ఎంత వెనక్కి నడిస్తే తాడంత పొడుగు.
ఇక్కడ ఇరవై అడుగులకి గోడ.
"అందుకేనండి మాది పొట్టి తాడు,"
అన్నాడు వాసంశెట్టి బుల్లబ్బాయి.
పట్టి లాగి చూశాను.
ఆ పురి మా షెడ్డులో ఏ చేతికీ రాదు.

పొద్దుగూకే వేళకి తూకం.
దిగిన పీచెంత, పేనిన తాడెంత, రాలిన పొట్టెంత.
రాత్రికి మూరెడు తాడు కూడా లోపల ఉండకూడదట.
ఎందుకని అడగబోయి
పైన దూలం చూసి మానేశాను.
ఒక్కొక్కడే వచ్చి రెండు చేతులూ చాపి నిలబడితే
వార్డరు చంకలూ మొలా తడిమి
పొమ్మంటున్నాడు.

గట్టు తగువంట. బాబాయి కొడుకంట.
కొబ్బరికాయ కొట్టే కత్తంట.
సూర్యచక్రం గారు నేనడక్కుండానే చెప్పి
"పదకొండేళ్ళండి, ఒక్క మచ్చ లేదు," అన్నారు.
అరటిపళ్ళ సంచి తిరిగిచ్చారు.
రేవు దాకా వచ్చాక చూసుకుంటే
ముద్ర చెరగలేదు.

అట్లతద్ది వెళ్ళిన సోమవారం వచ్చాడు
కరుస్తున్న కొత్త చెప్పుల్తో.
మా సూరాయమ్మ తన మంచినీళ్ళ చెంబు
కాస్త ఇటు జరుపుకుంది. చూశాడు. చూడనట్టున్నాడు.
నడుముకి పీచు చుట్టుకుని వెనక్కి నడిచాడు.
ఇరవై అడుగుల దగ్గర టక్కున ఆగి
భుజం మీంచి తిరిగి చూశాడు.
మళ్ళీ నడిచాడు.
షెడ్డు దాటాడు, డొక్కల గుట్ట దాటాడు,
కాలవగట్టెక్కుతుంటే రాట్నం కుర్రోడు
"బాబాయ్, ఆగు! పీచైపోద్ది!" అని అరిచాడు.
అప్పుడు నవ్వింది సూరాయమ్మ.

ఐదున్నరకి అందరూ కాళ్ళు కడుక్కుని పోతున్నారు.
అతను నా ఎదరకొచ్చి
రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.
అతనికి తెలీలేదు, చాపినట్టు.
నా చేతుల్ని ఏం చేసుకోవాలో నాకూ తెలీలేదు.
పక్కనున్న తాడు చుట్టొకటి తీసి
ఆ చేతుల మీద పెట్టాను.
"బట్టలారేసుకోడానికుంటుంది, పట్టుకెళ్ళు."
"రాసుకోరాండీ?"
"రాసుకోను."

ఆ రాత్రి అన్నం తిని
లైటేసుకుని వెళ్ళి చుట్టలు లెక్కపెట్టాను.
ఒకటి తక్కువొచ్చింది.
మళ్ళీ లెక్కపెట్టాను.
తాళం చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాక
గుర్తొచ్చింది,
అది నేనిచ్చిందే.